మార్చి చదివిన హంతకులు

నాకు డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. ఊపిరి సరిగ్గా అందడం లేదు గాని మతి మాత్రం చెక్కుచెదరలేదు. ఋజువు కావాలంటే, పోయిన గురువారం దీవి సీరియల్లో హోటల్ మేనేజరు మీద నాకు అనుమానం రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అదే అనుమానం టీవీలో ఉన్న ఇన్‌స్పెక్టరుకి రావడానికి నలభై నిమిషాలు పట్టింది, పైగా అతనికి దానికి జీతం కూడా ఇస్తారు. కాబట్టి ఎవరి బలవంతమూ, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో, నా సొంత చేత్తో రాసుకుంటున్న ఆఖరి వీలునామా ఇదేనని తెలియజేస్తున్నాను. ఏడేళ్ళ కిందట రాసింది ఇకపై చెల్లదు. అందులో మా ఆడపడుచు గురించి "నా ఇంట్లో ఉండనివ్వాలి" అని ఒక ముక్క రాశాను. అప్పట్లో అది నాకు పెద్ద మంచితనంలా కనిపించింది. ఇప్పుడు చదివితే సిగ్గేస్తోంది.

ఈ కాగితాల్లో "ఇన్‌స్పెక్టరమ్మ" అన్న చోటల్లా మా ఆడపడుచు, అనగా పోయిన నా భర్తకు చెల్లెలు, అని అర్థం చేసుకోవలెను. ఆ పేరు పెట్టింది నా భర్తే. మా లాండ్రీలో ముప్పై నాలుగేళ్ళు బట్టలకి గుర్తులు వేసింది తనే. మరక దేనిదో, ఎన్నాళ్ళదో చూడగానే చెప్పేది. కాలరు చూసి, ఈయన పొద్దున్న ఇంట్లో పోట్లాడి వచ్చాడని చెప్పేది. పదకొండేళ్ళ కిందట ఆమెకి రెండు కళ్ళూ పోయాయి. "సీరియల్" అన్న చోటల్లా ప్రతి గురువారం సాయంత్రం ఏడింటికి వచ్చే డిటెక్టివ్ సీరియల్ అని అర్థం. అన్నీ వేరే దేశాలవి, వేరే భాషలవి. మన భాష తెర కింద అక్షరాల్లో వస్తుంది. కనిపించనివాళ్ళకి ఎవరో ఒకరు అవి పైకి చదవాలి. పదకొండేళ్ళుగా చదువుతున్నది నేను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా నేరమంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నా కొడుకుది. వాళ్ళ అత్తయ్యకి దీన్ని పైకి చదివి వినిపించాల్సిందీ వాడే. వాడు రైల్వే స్టేషన్లో అనౌన్సరు. రైలు వచ్చిందన్నా, రద్దయిందన్నా ఒకటే గొంతుతో చెబుతాడు. ఇదీ అదే గొంతుతో చదవాలి. మధ్యలో మెత్తబడి ఆగిపోకూడదు, సొంత మాటలు కలపకూడదు, "ఇక్కడ అమ్మ ఏదో రాసిందిలే" అని దాటెయ్యకూడదు.

వాడు ఏదీ దాటెయ్యలేదని ఆమెకి తెలియడం కోసం ప్రతి అంశం పక్కన అంచులో ఒక గుండీ కుట్టాను. అది ఎలాంటి గుండీయో అంశంలో మొదటి మాటగా రాశాను. వాడు చదువుతుంటే ఆమె వేలితో తడిమి చూసుకుంటుంది. చదివిన గుండీ, చేతికి తగిలిన గుండీ ఒకటి కాకపోతే మళ్ళీ మొదటినుంచి చదివించే హక్కు ఆమెకి ఉంది. మా వకీలు గారు వీటిని చూసి "అమ్మా, ఇది వీలునామానా, చొక్కానా?" అన్నారు. రిజిస్ట్రారు ఆఫీసులో ఇవ్వడానికి గుండీలు లేని నకలు ఒకటి వేరే రాయించారు. ఇంట్లో చదవాల్సింది మాత్రం దీన్నే.

1. ఇత్తడి గుండీ. మేడ మీది మూడు గదులు, వంటిల్లు, వీధి వైపు బాల్కనీ, కింద లాండ్రీలో సగం వాటా ఇన్‌స్పెక్టరమ్మకి సర్వహక్కులతో రాస్తున్నాను. అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు, నచ్చకపోతే గోడలన్నీ పడగొట్టించుకోవచ్చు. ఇది దయ కాదు. ముప్పై నాలుగేళ్ళు ఆ గుర్తుల బల్ల దగ్గర కూచున్న మనిషిది ఇది. నేను పోయాక మా వాడు వెళ్ళి "ఇల్లు అమ్మ నీకే రాసింది అత్తయ్యా" అంటే ఆమె నమ్మదని నాకు తెలుసు. జాలిపడి చెబుతున్నాడనుకుంటుంది. ఎవరికీ బరువు కాకూడదని పెట్టె సర్దుకుంటుంది. ఒకరు చదివి వినిపించిన మాట నమ్మకపోవడానికి ఆమెకి గట్టి కారణమే ఉంది. ఆ కారణం నేను. లేకపోతే ఈ వీలునామా అరపేజీలో అయిపోయేది.

2. చెక్క గుండీ, రెండు కన్నాలది. లాండ్రీలో మిగతా సగం వాటా, నేను కూచునే చేతుల కుర్చీ నా కొడుక్కి. షరతు ఏమిటంటే, వాడు గురువారం సాయంత్రం డ్యూటీ వేయించుకోకూడదు. ఆ కుర్చీలో కూచుని సీరియల్ చదవాలి. ముందు మాట్లాడేది ఎవరో చెప్పి తర్వాత మాట చదవాలి. మాటలు లేని చోట ఏం కనిపిస్తోందో చెప్పాలి. తలుపు వేసి ఉందా, ఓరగా ఉందా అన్నది తప్పకుండా చెప్పాలి, సగం కేసులు అక్కడే తేలతాయి. బూట్లు చెప్పాలి, చేతులు చెప్పాలి. సంగీతం గురించి చెప్పనక్కర్లేదు, ఆమెకి చెవులు ఉన్నాయి.

కోడలికి నా ఊదారంగు శాలువా. సీరియల్ మొదలైన పది నిమిషాలకల్లా సోఫాలో నిద్రపోతుంది, కప్పుకోవడానికి పనికొస్తుంది. ఇది దెప్పిపొడుపు కాదు. పగలంతా నిలబడి పని చేసి వచ్చే పిల్ల. ఆ నిద్ర చూస్తుంటే నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉండేది, ఆ మాట నోటితో చెప్పలేదు.

3. నల్ల కోటు గుండీ, పెద్దది. సీరియళ్ళ మీద నా అభిప్రాయాలు రాసుకున్న నాలుగు నోటుపుస్తకాలు మా లాండ్రీలో ఇస్త్రీ చేసే మౌనికి. ఆ పేరు కూడా నా భర్త పెట్టిందే. ప్రతి శుక్రవారం పొద్దున్న నేను చెప్పే విశ్లేషణ అతను ఇరవై రెండేళ్ళు ఇస్త్రీపెట్టె మీంచి తల ఎత్తకుండా విన్నాడు. ఒకే ఒక్కసారి నోరు విప్పాడు. వాన సీరియల్లో డిటెక్టివు ఎనిమిది సీజన్లూ అదే బూడిదరంగు కోటుతో తిరిగేది. ఎనిమిదో సీజను సంగతులు చెబుతుంటే మౌని పెట్టె పక్కన పెట్టి, "అమ్మా, ఆ కోటు ఉతకరా?" అని అడిగాడు. సీరియళ్ళ మీద నేను విన్న అభిప్రాయాల్లో అంత గొప్పది ఇంకొకటి లేదు. అందుకే పుస్తకాలు అతనికి.

ఆ పుస్తకాల్లో ఏముందో క్లుప్తంగా ఇక్కడ కూడా రాస్తున్నాను, ఎవరైనా సీరియళ్ళు తీసేవాళ్ళ చేతిలో ఈ కాగితం పడితే పడనీ. రక్తం మరక మీద వేడినీళ్ళు పోస్తే మరక గట్టిపడి అక్కడే తిష్ఠ వేస్తుంది. చల్లటి నీళ్ళూ ఉప్పూ కావాలి. టీవీలో ప్రతి హంతకుడూ పొగలు కక్కే నీళ్ళలో చొక్కా ఉతుకుతాడు, అయినా అది మల్లెపువ్వులా బయటికొస్తుంది. పోలీసులు ఫోటో చూపించగానే లాండ్రీ వాళ్ళ చేత, "ఆ, మంగళవారం వచ్చాడండీ, కంగారుగా ఉన్నాడు" అనిపిస్తారు. మంగళవారం ఎవరొచ్చారో మాకు ఎలా గుర్తుంటుంది? మాకు బట్ట గుర్తుంటుంది, మనిషి గుర్తుండడు. డిటెక్టివులకి ఇల్లూ వాకిలీ సవ్యంగా ఎందుకు ఉండవో కూడా నాకు అర్థం కాదు. ఒకడికి పెళ్ళాం వెళ్ళిపోతుంది, ఒకత్తెకి కూతురు మాట్లాడదు. వేళకి ఇంటికొచ్చి, తిన్న కంచం తీసి, చెల్లెల్ని పక్కన కూచోబెట్టుకుని టీవీ చూసేవాడు హంతకుణ్ణి పట్టుకోలేడా? నా భర్త పట్టుకోలేకపోయాడు, అది నిజమే. కానీ ప్రయత్నించాడు.

అందర్నీ ఒక గదిలో కూచోబెట్టి డిటెక్టివు కథంతా విప్పి చెప్పే పాత పద్ధతిని ఈ రోజుల్లో అందరూ వెక్కిరిస్తారు. అలా నిజంగా ఎక్కడా జరగదంటారు. జరగదు కాబట్టే నాకు అది ఇష్టం. మన బతుకులో ఎవరూ మనల్ని కూచోబెట్టి, ఇదిగో ఇది ఇందుకు జరిగింది, నువ్వు అనుమానించింది తప్పు, నీతో మంచిగా ఉన్నది ఫలానా మనిషి అని చెప్పరు. నాకు ఆ గది కావాలనిపించింది. ఈ కాగితాలే ఆ గది అనుకోండి.

4. ప్లాస్టిక్ గుండీ, అంచు విరిగింది. నా తమ్ముడికి ఒక వీడియో క్యాసెట్టు. దాని మీద కుంటి ఇన్‌స్పెక్టరు సీరియల్ ఆఖరి భాగం రికార్డు చేసి దాచుకున్నాను. వాడు అడక్కుండా పట్టుకెళ్ళి దాని మీద తన పెళ్ళి రికార్డు చేయించుకున్నాడు. ఇప్పుడు ఆ క్యాసెట్టులో ఇన్‌స్పెక్టరు మెట్లెక్కి తలుపు తీయగానే లోపల మా తమ్ముడు పూలదండ వేసుకుని నిలబడి ఉంటాడు. ముప్పై ఏళ్ళుగా హంతకుడు వాడేనని నా నమ్మకం. క్షమించాను అని రాయమని వకీలు గారు సలహా ఇచ్చారు. ఆలోచిస్తున్నాను అని రాస్తున్నాను.

5. నాలుగు కన్నాల తెల్ల గుండీ. వంటింటి అలమారాలో ఉన్న గుండీల పళ్ళెం, మూడు చిన్న రేకు డబ్బాలు ఇన్‌స్పెక్టరమ్మకి. వాటితో పాటు ఒక ఒప్పుకోలు.

లాండ్రీలో ఊడిపోయిన గుండీలు ఎవరూ అడగరు. నా భర్త వాటిని ఏరి, ఒకే రకానివి మూడేసి చొప్పున దాచేవాడు. సీరియల్ కొత్తది మొదలైతే ఒక్కో మనిషికి ఒక్కో రకం గుండీ ఇచ్చేవాళ్ళం. డబ్బున్న వితంతువుకి ముత్యపుది, డ్రైవరుకి ఇత్తడిది, తోటమాలికి చెక్కది, ఇంట్లో కుక్క ఉంటే దానికీ ఒకటి. ఆఖరి ప్రకటనలు వచ్చేటప్పుడు ముగ్గురం ఎవరికి వాళ్ళం, హంతకుడనుకున్నవాళ్ళ గుండీ మన డబ్బాలో వేసి మూత పెట్టాలి. ఓడినవాళ్ళు అంట్లు తోమాలి. నా భర్త అందంగా ఉన్నవాళ్ళని అనుమానించేవాడు కాదు, అందుకని ఎప్పుడూ తోముతూనే ఉండేవాడు. ఇన్‌స్పెక్టరమ్మ దాదాపు ఎప్పుడూ గెలిచేది. మాటలు వినేది కాదు తను. చేతులు చూసేది, చెప్పులకంటిన మట్టి చూసేది, అబద్ధం చెప్పేటప్పుడు మనిషి కాలరు సర్దుకోవడం చూసేది.

చూపు పోయాక మొదటి గురువారం నేను చదివాను, ఆమె గుండీ తడిమి వేసింది, తప్పయింది. రెండో గురువారం కూడా తప్పయింది. మూడో గురువారం ఏడింటికి తన గదిలోంచి బయటికి రాలేదు. పిలిస్తే "నాకెందుకులే వదినా, మీరిద్దరూ చూడండి" అంది. నా భర్త వెళ్ళి ఆ గది గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు గొళ్ళెం బాగుచేస్తున్నట్టు కాసేపు కదిపి వచ్చేశాడు. ఆ రోజు మేం ఎవరం చూశామో, ఏం చూశామో నాకు గుర్తులేదు.

నాలుగో గురువారం నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూచోబెట్టాను. ఆమె చెక్క గుండీ వేసింది, అంటే తోటమాలి. ప్రకటనలు అయ్యేలోగా నేను ఆమె డబ్బా మూత తీసి చూశాను. మా ఆటలో అంతకంటే పెద్ద ద్రోహం లేదు. ఆఖర్న తెర మీద డాక్టరుకి సంకెళ్ళు వేశారు. నేను "తోటమాలికి వేస్తున్నారు" అని చదివాను. నా భర్త నా వైపు చూశాడు. తర్వాత "అబ్బ, నేను అస్సలు అనుకోలేదు" అన్నాడు, అంత ఘోరంగా నటించినవాణ్ణి నేను ఏ సీరియల్లోనూ చూడలేదు. ఆమె నవ్వింది. మూడు వారాల తర్వాత మా ఇంట్లో వినిపించిన నవ్వు అది. ఆ రాత్రి అంట్లు మేమిద్దరం తోముకున్నాం, మార్చి చదవడం ఇంకెప్పుడూ ఆపలేకపోయాను.

కాబట్టి ఇందుమూలంగా ఒప్పుకుంటున్నది ఏమనగా, అప్పటినుంచి ఈ ఏడాది మొదలయ్యేదాకా సీరియళ్ళలో హంతకులు ఎవరని నేను చదివానో వాళ్ళలో చాలామంది ఆ పని చెయ్యలేదు. నావల్ల ఎంతోమంది అమాయకులు జైలుకెళ్ళారు. అది తేలికైన పని అనుకోవద్దు. నేను వంటమనిషిని దోషిని చేశాక తెర మీద మగగొంతు భోరున ఏడ్చేది. "ఏడుస్తున్నది మగాడిలా ఉందే" అని ఆమె అడిగేది. "వాళ్ళాయన, పాపం" అనేదాన్ని. ఒకసారి ముసలాయనకి చిన్నపిల్ల గొంతు వచ్చింది, అది అతని జ్ఞాపకం అని చెప్పాను. ఆ సీరియల్ రాసినవాళ్ళు నాకంటే ఎక్కువ కష్టపడి ఉండరు.

6. గుడ్డ చుట్టిన గుండీ. నువ్వు కనిపెట్టేశావని నాకు తెలుసు. ఇక్కడినుంచి నీతోనే మాట్లాడుతున్నాను, వకీలు గారు ఏమైనా అనుకోనీ.

నాలుగేళ్ళ కిందట, మీ అన్నయ్య పోయాక, సరస్సు సీరియల్ వచ్చేటప్పుడు నువ్వు చచ్చిపోయినవాడి గుండీయే డబ్బాలో వేశావు. నేను చెమటలు కక్కి, అతను తనే చేసుకుని ఇంకొకరి మీదికి నెట్టాడని చదివాను. మరుసటి వారం కుక్క గుండీ వేశావు. కుక్క మెట్ల మీద అడ్డం పడింది, ప్రమాదం, ఎవరి తప్పూ కాదు అని చదివాను. ఆ పై వారం ఏకంగా డిటెక్టివు గుండీ వేశావు. నేను అతన్నే అరెస్టు చేయించాను, ఏం చెయ్యను మరి. వారం తర్వాత అతను యథాప్రకారం కారు దిగి కొత్త శవం దగ్గరికి నడిచొస్తుంటే నువ్వు చాలా అమాయకంగా, "జైలు నుంచి ఎప్పుడొచ్చాడు వదినా?" అన్నావు. కవల తమ్ముడు అన్నాను. నువ్వు కింది పెదవి పళ్ళతో పట్టుకుని గోడ వైపు తిరిగావు. భుజాలు కదులుతున్నాయి. అప్పుడర్థమైంది నాకు, గెలిపించడానికి నేను చదువుతుంటే, నా పాట్లు వినడానికి నువ్వు గుండీలు వేస్తున్నావని.

నువ్వూ పైకి అనలేదు, నేనూ అనలేదు. ఈ నాలుగేళ్ళూ నా జీవితంలో అన్నిటికంటే బాగున్న గురువారాలు. నీ మీద నాకు ఎంత ప్రేమ ఉందో చెప్పడానికి నాకు వేరే దారి తెలియలేదు, వేరే దారి వెతకాలని కూడా అనిపించలేదు.

7. రేకు గుండీ, నొక్కేది. నా మంచం కింద ట్రంకుపెట్టెలో కళ్ళ డాక్టరు రాసిన ఉత్తరం ఉంది. ఇది మాత్రం ఆట కాదు. పదకొండేళ్ళ కిందట నేను నీకు అది చదివినప్పుడు, "ఏడాది తర్వాత మళ్ళీ పరీక్ష చేద్దాం, ఆశ ఉంది" అని చదివాను. అందులో అలా లేదు. ఇంక పరీక్షలు అక్కర్లేదని, కర్ర పట్టుకుని నడవడం నేర్చుకోమని ఉంది. నువ్వు ఏడాదిపాటు రోజూ పొద్దున్న కిటికీ వైపు మొహం పెట్టి కూచున్నావు. ఏడాది అయ్యాక నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. కర్ర నడక ఏడాది ముందే నేర్చుకుని ఉంటే ఆ చలికాలం మెట్ల మీద పడి ఉండేదానివి కాదు. సీరియళ్ళు మార్చినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. దీనికి ఉంది. ఆ ఉత్తరాన్ని నా కొడుకు ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాలి. క్షమించడం, క్షమించకపోవడం నీ ఇష్టం. కానీ ఇల్లు నీదన్న మాట మాత్రం నమ్ము. ఆ మాట నమ్మాలనే ఈ నిజాలన్నీ ఒకదాని వెనక ఒకటి పేర్చాను.

8. ముత్యపు గుండీ. ఈ ఏడాది మొదలైన దీవి సీరియల్లో నేను ఒక్క మాట కూడా మార్చలేదు. నీకు అది తెలిసినట్టే ఉంది. మొన్న ప్రకటనల్లో "ఈ మధ్య సీరియళ్ళు మరీ మామూలుగా ఉంటున్నాయి వదినా" అన్నావు. మార్చడానికి ఊపిరి కావాలి. నాకు ఇప్పుడు ఉన్నది చదవడానికే చాలడం లేదు, రెండు వరుసలకోసారి ఆగుతున్నాను. నేను ఆగినప్పుడల్లా నువ్వు రిమోటు తడిమి బొమ్మ ఆపి, "నేను ఆలోచించుకోవాలి, కాసేపు ఉండు" అంటున్నావు. ఆలోచించుకోవడానికి అక్కడేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

ఇందులో వారానికో కేసు కాదు, మొత్తానికీ ఒకటే కేసు, ఇంకా ఆరు భాగాలు ఉన్నాయి. నా డబ్బాలో నా గుండీ వేసి మూత చుట్టూ టేపు అంటించాను. ఆఖరి భాగం మా వాడు నిజంగా చదివాక దాన్ని నువ్వే తియ్యాలి. నేను ఓడిపోతే వాడు అంట్లు తోమాలి. తర్వాత వచ్చే సీరియళ్ళు వాడు ఉన్నది ఉన్నట్టు చదువుతాడు. కానీ నువ్వు ఎప్పుడైనా కుక్క గుండీ వేశావనుకో, అది నువ్వు అడిగినట్టే లెక్క. అప్పుడు కుక్కే చేసిందని చదవడం వాడి విధి, ఎలా చేసిందన్నది వాడి తిప్పలు.

పైన రాసినవన్నీ నేను రెండుసార్లు చదివి చూసుకుని, సరేననుకుని సంతకం పెడుతున్నాను.

నాన్నా, ఇక్కడినుంచి పైకి చదవకు. దీనికి అంకె వెయ్యలేదు, గుండీ కుట్టలేదు. అత్తయ్య వేలికి ఏమీ తగలదు. నేను పోయేది ఆస్పత్రిలోనే, ఆ సంగతి డాక్టరు చెప్పాడు. ఎలా పోతానో కూడా దాచకుండా చెప్పాడు, ఊపిరి కోసం చాలాసేపు కొట్టుకోవాల్సి రావచ్చట. వాళ్ళు ఒక కాగితం ఇస్తారు. దాన్ని చదవమని అత్తయ్య నిన్ను అడుగుతుంది. అందులో ఏం రాసి ఉన్నా, "నిద్రలో, నొప్పి తెలియకుండా" అని చదువు. స్టేషన్లో చదివే గొంతుతోనే చదువు. ఇన్ని పేజీలు మార్చకూడదని రాసి ఇక్కడ మార్చమంటున్నానని తెలుసు. ఇది ఒక్కటే, ఇదే ఆఖరుది.

తేదీ: నవంబరు పద్నాలుగు, గురువారం. మధ్యాహ్నం మూడున్నర. మేడ మీద ముందు గది.

సంతకం: లాండ్రీ యజమానురాలు

సాక్షులు:

ఒకటో సాక్షి: ఎదురుగా మందుల షాపు ఆయన. ఈయనకి ఈ వీలునామాలో నేనేమీ ఇవ్వలేదు గనక సాక్షి సంతకానికి అర్హుడు. సీరియళ్ళలో విషాల గురించి ఈయన చెప్పేదంతా తప్పని నా నోటుపుస్తకాల్లో ఉంది. అయినా సంతకం పెట్టాడు, మంచి మనిషి.

రెండో సాక్షి: పక్క షాపు దర్జీని, ఇది నా రాత. వీలునామా రాసినావిడ నా ఎదుట సంతకం పెట్టారు, నేను ఆవిడ ఎదుట పెట్టాను. గుండీలు నేను కుట్టినవి కావు, మొదటి ఎనిమిదీ ఆవిడే కుట్టుకున్నారు. తొమ్మిదోది సంగతి ఇక్కడ రాయాలని నా మనసుకి తోచింది. సంతకాలప్పుడు కాగితం జారకుండా పట్టుకోమని ఇన్‌స్పెక్టరమ్మ గారికి ఇచ్చారు. ఆవిడ అంచు వెంట వేలు నడిపి గుండీలు లెక్కపెట్టుకున్నారు. వదిన గారి పెన్ను చప్పుడు ఎక్కడ వినిపించిందో అక్కడికి చెయ్యి జరిపి, ఆఖరి గుండీకీ దానికీ మధ్య జానెడు చోటు ఉందని కొలిచారు. అక్కడ ఏం రాసుందని అడగలేదు. తన స్వెట్టరు గుండీ ఒకటి పుటుక్కున తెంపి నా చేతిలో పెట్టి, "ఇక్కడ ఒకటి కుట్టండి, వదిన మర్చిపోయినట్టుంది" అన్నారు. వీలునామా రాసినావిడ ఎదురుగానే కూచుని చూశారు. వద్దనలేదు. కుట్టాను.